కరెంట్ పోతే ల్యాప్‌టాప్ తనంతట తనే ఆగాలి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. ఈశాన్య రుతుపవనాలు దగ్గరపడుతున్నాయి కదా, చెన్నైలో ఉండేవాళ్ళకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కరెంట్ మీద నమ్మకం ఉండదు, 2016 డిసెంబర్‌లో వర్దా తుపాను వచ్చిపోయాక కొన్ని ఏరియాల్లో కరెంట్ రావడానికి రోజులు పట్టింది, ఆ రోజులు చూసినవాళ్ళు ఇప్పటికీ మర్చిపోలేదు. తుపాను లేకపోయినా ఈబీ (కరెంట్ బోర్డు) వాళ్ళు మెయింటెనెన్స్ అని పొద్దున 9కి తీసి మధ్యాహ్నం 2కి ఇచ్చే కట్ ఉండనే ఉంటుంది. అందుకే ఈసారి మొత్తం శీర్షిక ఈ బ్యాటరీ, స్క్రిప్ట్ (కంప్యూటర్‌కి వరసగా ఇచ్చే ఆదేశాల చిన్న ఫైల్), షట్‌డౌన్ గొడవకే ఇచ్చేశాం. కమాండ్లన్నీ నోటితో పలికినట్టు తెలుగులో రాశాం, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి.

ప్రశ్న: నేను పెరుంగుడిలో ఉంటానండి, సొంత ల్యాప్‌టాప్, విండోస్ 11. రాత్రిపూట పెద్ద డేటా రన్ ఒకటి పెట్టి పడుకుంటాను, కరెంట్ పోతే పొద్దున లేచేసరికి బ్యాటరీ సున్నా అయిపోయి మెషీన్ చచ్చి ఉంటుంది, రన్ పోతుంది, తెరిచి పెట్టిన ఎక్సెల్ ఫైల్ కూడా పోతుంది. 15 శాతానికి వస్తే షట్‌డౌన్ అయ్యేలా పవర్‌షెల్‌లో (విండోస్ కమాండ్ల భాష) చిన్న స్క్రిప్ట్ రాసి, చెప్పిన టైమ్‌కి ప్రోగ్రామ్ నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాను. నేను కూర్చుని నడిపి చూస్తే నడుస్తోంది. నిజంగా కరెంట్ పోయిన రాత్రి మాత్రం కదలట్లేదు. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: స్క్రిప్ట్‌లో తప్పు లేదమ్మా, టాస్క్ షెడ్యూలర్‌లో ఉంది. మీ టాస్క్ మీద డబుల్ క్లిక్ చేసి కండిషన్స్ అనే ట్యాబ్ తెరవండి, అందులో పవర్ అనే హెడింగ్ కింద, కంప్యూటర్ ఏసీ పవర్ (ఛార్జర్ నుంచి వచ్చే కరెంట్) మీద ఉంటేనే టాస్క్ మొదలుపెట్టమని చెప్పే టిక్కు ఒకటి విండోసే ముందుగా పెట్టి ఉంచుతుంది, దాని కిందే బ్యాటరీకి మారితే టాస్క్ ఆపెయ్యమని ఇంకో టిక్కు ఉంటుంది. అంటే మీరు బ్యాటరీ కోసం పెట్టిన టాస్క్ బ్యాటరీ మీదకి రాగానే పడుకుంటోంది. ఆ రెండు టిక్కులూ తీసెయ్యండి. తర్వాత ట్రిగ్గర్స్‌లోకి వెళ్ళి ప్రతి 5 నిమిషాలకీ రిపీట్ అవ్వాలి, ఎంతకాలం అన్నచోట ఇన్‌డెఫినిట్లీ అని పెట్టండి, లేదంటే ఒకరోజు నడిచి ఊరుకుంటుంది. ఈ రెండు టిక్కుల సంగతి తెలియక స్క్రిప్ట్‌ని మార్చి మార్చి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, అందుకే మీ ప్రశ్న మొదట వేశాం.

ఇంక స్క్రిప్ట్ విషయం. విండోస్ బ్యాటరీ వివరాలు చెప్పే విన్32 అండర్‌స్కోర్ బ్యాటరీ అనే క్లాస్ నుంచి మీరు మిగిలిన శాతం ఒక్కటే చదువుతున్నట్టున్నారు, దాంతోపాటు బ్యాటరీ స్టేటస్ అనేది కూడా చదవండి, అది 1 అని వస్తే బ్యాటరీ ఖర్చవుతోంది, 2 అని వస్తే ఛార్జర్ అందుతోంది. శాతం తక్కువ ఉండాలి, ఛార్జర్ లేకుండా ఉండాలి, రెండూ కలిస్తేనే ఆపాలి. శాతం ఒక్కటే చూస్తే ఏమవుతుందంటే, కరెంట్ వచ్చి 12 శాతం నుంచి ఛార్జ్ ఎక్కుతూ ఉంటుంది, మీరు పని మొదలుపెడతారు, అది వచ్చి ఆపేస్తుంది.

అసలు నష్టం జరిగే చోటు ఇంకోటి ఉంది. షట్‌డౌన్ స్లాష్ ఎస్ స్లాష్ టీ 60 అని పెడితే ఒక నిమిషం టైమ్ ఉంటుంది, ఆ లోపు ఎక్సెల్ సేవ్ చెయ్యాలా అని అడుగుతుందిలే అనుకుంటారు అందరూ. అడిగినా ఆగదు. టీ పక్కన సున్నా కంటే పెద్ద నంబర్ ఏది పెట్టినా, ప్రోగ్రామ్‌లని బలవంతంగా మూసెయ్యమనే స్లాష్ ఎఫ్ కూడా పెట్టినట్టే లెక్క, మైక్రోసాఫ్ట్ వాళ్ళ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది ఆ మాట. మీరు కుర్చీలో ఉంటే ఆ నిమిషంలో షట్‌డౌన్ స్లాష్ ఏ కొట్టి ఆపుకోవచ్చు, నిద్రలో ఉంటే మీ ఎక్సెల్ ఫైల్ సేవ్ అవ్వకుండానే మూతపడుతుంది, కరెంట్ పోయి చచ్చిపోయినదానికీ దీనికీ ఆ ఫైల్ వరకు తేడా ఏం లేదు.

అందుకని మీకు షట్‌డౌన్ వద్దు, హైబర్నేట్ కావాలి. మెమరీలో ఉన్నదంతా డిస్క్ మీద ఒక ఫైల్‌లోకి రాసేసి అప్పుడు మెషీన్ పూర్తిగా ఆగుతుంది, మళ్ళీ ఆన్ చేస్తే తెరిచి పెట్టిన ఎక్సెల్ తెరిచినట్టే ఉంటుంది, రన్ కూడా ఆగిన చోటు నుంచి కదులుతుంది, నెట్ మీద ఏదో సర్వర్‌కి కనెక్ట్ అయి నడిచే రన్ అయితే ఆ కనెక్షన్ మాత్రం తెగుతుంది. కమాండ్ షట్‌డౌన్ స్లాష్ హెచ్. దీనికి స్లాష్ టీ కలపకూడదు, హెచ్చరిక ఇచ్చి కాసేపు ఆగాలనుకుంటే స్క్రిప్ట్‌లోనే ముందు ఒక నిమిషం ఆగి, ఛార్జర్ వచ్చిందేమో మళ్ళీ చూసి, రాకపోతే అప్పుడు హైబర్నేట్ చెయ్యమనండి. హైబర్నేట్ ఆప్షనే లేదని వస్తే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హైబర్నేట్ ఆన్ అని కొట్టండి.

ఒక మాట మనసు పెట్టి చదవండి. ఊరికే ఆగిపోతే చాలు అనుకునేవాళ్ళకి స్క్రిప్టే అక్కర్లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, అందులో బ్యాటరీ కింద క్రిటికల్ లెవెల్, క్రిటికల్ యాక్షన్ అని రెండున్నాయి, మామూలుగా లెవెల్ 5 శాతం ఉంటుంది, దాన్ని 12కో 15కో పెంచి యాక్షన్ హైబర్నేట్ పెడితే అయిపోయింది. మనం రాసే ఏ స్క్రిప్ట్ కంటే అది నమ్మకంగా పనిచేస్తుంది. స్క్రిప్ట్ ఎప్పుడు కావాలంటే, ఆగేముందు ఏదో ఒక పని జరగాలన్నప్పుడు, అంటే రన్‌ని పద్ధతిగా ఆపడం, ఇప్పటిదాకా వచ్చిన ఫలితాన్ని ఫైల్‌లో రాసెయ్యడం, డేటాబేస్ మూసెయ్యడం లాంటివి. మీకు రన్ ఉంది కాబట్టి రెండూ పెట్టుకోండి, స్క్రిప్ట్ 20 దగ్గర రన్‌ని ఆపి ఫలితాన్ని రాసి హైబర్నేట్ చేస్తుంది, ఏ కారణంగానో స్క్రిప్ట్ నడవకపోతే 10 దగ్గర విండోస్ సెట్టింగ్ పట్టుకుంటుంది.

ప్రశ్న: అన్నా, తాంబరం దగ్గర హాస్టల్‌లో ఉంటా, ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్. రిచీ స్ట్రీట్‌లో (చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు) సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్ టీ480 ల్యాప్‌టాప్ కొని ఉబుంటు (ఒక రకం లినక్స్) వేశా. 20 శాతం కంటే తగ్గితే పవరాఫ్ అని షెల్ స్క్రిప్ట్ రాసి రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) క్రాన్‌లో, అంటే టైమ్ ప్రకారం కమాండ్లు నడిపే లినక్స్ సర్వీస్‌లో, నిమిషానికోసారి నడిచేలా పెట్టా. ఒకరోజు ప్యానెల్‌లో సగం పైనే బ్యాటరీ చూపిస్తుండగా ఠక్కున ఆఫ్ అయిపోయింది. ఇంకోరోజు ఛార్జర్ రూమ్‌లో మర్చిపోయి క్లాసులో ఆన్ చేస్తే లాగిన్ స్క్రీన్ వచ్చీ రాగానే ఆఫ్, మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ ఆఫ్. ఫ్రెండ్స్ ఏమో షాపోడు పాడైపోయిన బోర్డు అంటగట్టాడంటున్నారు. నిజమేనా?

జవాబు: బోర్డు బాగానే ఉండి ఉంటుంది తమ్ముడూ, షాపు వాళ్ళ మీదకి వెళ్ళకు. నువ్వు చెప్పిన రెండూ స్క్రిప్ట్ చేసినవే, రెండిటికీ కారణం వేరువేరు.

టీ480లో రెండు బ్యాటరీలుంటాయి, ఒకటి లోపల ఫిక్స్‌డ్‌గా, ఒకటి వెనకనుంచి ఊడదీసేది. లినక్స్‌లో స్లాష్ సిస్, స్లాష్ క్లాస్, స్లాష్ పవర్ అండర్‌స్కోర్ సప్లై అనే ఫోల్డర్‌లో చూస్తే బ్యాట్0, బ్యాట్1 అని రెండు కనిపిస్తాయి. ఇవి రెండూ కలిసి తగ్గవు, ఒకటి దాదాపు ఖాళీ అయ్యాకే రెండోది మొదలవుతుంది. నీ స్క్రిప్ట్ ఒక్కదాని కెపాసిటీ ఫైల్ చదువుతోంది, అది 20 కిందకి వచ్చింది, రెండోది నిండుగా ఉంది, ప్యానెల్ రెండూ కలిపి లెక్కేసి సగం పైనే ఉందని సరిగ్గానే చూపిస్తోంది, నీ స్క్రిప్ట్ దాని లెక్కలో అది సరిగ్గానే ఆపేసింది. రెండు ఫోల్డర్లలోనూ ఎనర్జీ అండర్‌స్కోర్ నౌ, ఎనర్జీ అండర్‌స్కోర్ ఫుల్ అని ఫైళ్ళున్నాయి, రెండు నౌలు కూడి, రెండు ఫుల్‌లు కూడి, నౌల మొత్తాన్ని ఫుల్‌ల మొత్తంతో భాగించి 100తో గుణిస్తే అసలు శాతం వస్తుంది. షెల్‌లో దశాంశాలు రావు కాబట్టి ముందు గుణించి తర్వాత భాగించు, తిరగేస్తే ఎప్పుడూ సున్నాయే వస్తుంది, అప్పుడు ఇంకా కంగారు.

ఛార్జర్ ఉందా లేదా అన్నది కూడా బ్యాటరీ స్టేటస్ ఫైల్ నుంచి తీసుకోకు. అందులో ఛార్జింగ్, డిస్‌ఛార్జింగ్, ఫుల్ మాత్రమే కాదు, నాట్ ఛార్జింగ్ అనీ, అన్‌నోన్ అనీ కూడా వస్తుంటాయి, రెండు బ్యాటరీల మెషీన్‌లో ఖాళీగా కూర్చున్న బ్యాటరీ ఇలాంటివే చెప్తుంది, 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగేలా లిమిట్ పెట్టుకున్న ల్యాప్‌టాప్ కూడా ఛార్జర్ ఉండగానే నాట్ ఛార్జింగ్ అంటుంది. ఛార్జింగ్ కాకపోతే ఆపు అని రాసినవాళ్ళు ఇక్కడ దెబ్బతింటారు. అదే ఫోల్డర్‌లో ఏసీ అని ఇంకోటి ఉంటుంది, దానిలోపల ఆన్‌లైన్ అనే ఫైల్‌లో 1 ఉంటే ఛార్జర్ ఉంది, 0 ఉంటే లేదు. కొన్ని వేరే మోడల్స్‌లో దాని పేరు ఏడీపీ1 అని ఉంటుంది, నీ దాంట్లో పేరేంటో ఫోల్డర్‌లో ఏమున్నాయో చూపించే ఎల్ఎస్ కమాండ్ ఒకసారి కొట్టి చూసుకుని రాయి.

క్లాసులో జరిగింది ఇంకా సులువు. బ్యాటరీ 20 కంటే తక్కువున్నప్పుడు ఛార్జర్ లేకుండా ఆన్ చేశావు, ఆన్ అయిన మొదటి నిమిషంలోనే క్రాన్ నీ స్క్రిప్ట్‌ని పిలిచింది, అది చూసి ఆపేసింది, మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ అదే. ఒక ఫైల్ మెయిల్ చేసుకోవడానికి 5 నిమిషాలు చాలు అనుకున్నవాడికి కూడా ఆ 5 నిమిషాలు ఇవ్వదు. స్లాష్ ప్రాక్ స్లాష్ అప్‌టైమ్ ఫైల్‌లో మొదటి నంబర్ మెషీన్ ఆన్ అయ్యి ఎన్ని సెకన్లయిందో చెప్తుంది, అది 600 కంటే తక్కువుంటే ఏమీ చెయ్యకుండా బయటికి వచ్చెయ్యమని స్క్రిప్ట్ మొదట్లోనే రాయి. ఇంకో జాగ్రత్త కూడా పెట్టుకో, ఫలానా పేరుతో ఖాళీ ఫైల్ ఉంటే స్క్రిప్ట్ ఏం చెయ్యకూడదు అని ఒక లైన్, ప్రాజెక్ట్ వైవా రోజు ఆ ఫైల్ ఒకటి సృష్టించి నిశ్చింతగా ఉండొచ్చు.

క్రాన్‌తో వచ్చే చిల్లర ఇబ్బందులు కూడా చెప్పేస్తా, మళ్ళీ ఉత్తరం రాసే పని లేకుండా. క్రాన్‌లో పాత్ (కమాండ్లని వెతికే ఫోల్డర్ల జాబితా) చాలా చిన్నది ఉంటుంది, టెర్మినల్‌లో నడిచిన కమాండ్ అక్కడ దొరక్కపోవచ్చు, అందుకని కమాండ్ ఏ ఫోల్డర్‌లో ఉందో దాంతో సహా పూర్తి పాత్ రాయి. నోటిఫై-సెండ్ కమాండ్‌తో తెరమీద మెసేజ్ ఇద్దామంటే రూట్ క్రాన్ నుంచి అది నీ డెస్క్‌టాప్‌కి మామూలుగా చేరదు, టెర్మినల్ తెరిచి ఉంటే వాల్ కమాండ్‌తో అందులో పడే అవకాశం ఉంది. వెంటనే పవరాఫ్ కొట్టే బదులు షట్‌డౌన్ ప్లస్ 2 అని ఇస్తే రెండు నిమిషాల టైమ్ ఉంటుంది, ఆ లోపు ఛార్జర్ పెడితే షట్‌డౌన్ మైనస్ సీ తో రద్దు చెయ్యొచ్చు, రద్దు చేసే పని కూడా స్క్రిప్ట్‌కే అప్పగించు, తర్వాతి నిమిషం అది మళ్ళీ వచ్చి చూస్తుంది కదా. కాకపోతే నిమిషానికోసారి కొత్తగా ప్లస్ 2 ఇస్తూ పోతే గడువు ముందుకి జరుగుతూనే ఉంటుంది, ఒకసారి ఇచ్చాక గుర్తుగా స్లాష్ రన్ కింద ఒక ఫైల్ పెట్టుకుని అది ఉంటే మళ్ళీ ఇవ్వకు, రద్దు చేసినప్పుడు ఆ ఫైల్ తీసెయ్యి. స్లాష్ రన్ రీబూట్ అయితే దానంతటదే ఖాళీ అవుతుంది కాబట్టి పాత గుర్తు మిగిలిపోతుందన్న భయం లేదు.

పరీక్ష ఎలా చెయ్యాలంటే, మొదటి రెండు మూడు రోజులు షట్‌డౌన్ లైన్ తీసేసి దాని బదులు ఇప్పుడు ఆపేవాడిని అని టైమ్‌తో సహా లాగ్ ఫైల్‌లో రాయించు. పరిమితి 20 బదులు 95 పెట్టి ఛార్జర్ పీకు, కాసేపట్లో లాగ్‌లో లైన్ పడాలి, ఛార్జర్ పెడితే రద్దు అని పడాలి. అది చూశాకే అసలు కమాండ్ పెట్టు. ఇంకోటి, ఉబుంటులో యూపవర్ అనే సర్వీస్ ముందునుంచే ఉంది, అది 2 శాతం దగ్గర తనే చర్య తీసుకుంటుంది, హైబర్నేట్ కుదరకపోతే పవరాఫ్ చేస్తుంది, ఉబుంటులో హైబర్నేట్ మామూలుగా ఆన్ అయి ఉండదు కాబట్టి నీ మెషీన్‌లో పవరాఫే. స్లాష్ ఈటీసీ స్లాష్ యూపవర్ ఫోల్డర్‌లో దాని కాన్ఫ్ ఫైల్ ఉంది, పర్సెంటేజ్ యాక్షన్ అన్నచోట 2ని 10 చేసుకో, దాంతోపాటు పర్సెంటేజ్ క్రిటికల్‌ని 15, పర్సెంటేజ్ లో (Low) ని 20 చేసుకో, ఈ మూడూ పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతూ లేకపోతే అది నీ అంకెలు వదిలేసి పాతవే వాడుతుంది. ఇది రెండు బ్యాటరీలనీ కలిపే లెక్కేస్తుంది, ఊరికే ఆగిపోవడమే కావాలంటే నీకు కూడా ఇది చాలు, కానీ స్క్రిప్ట్ రాయడం మానొద్దు, నిమిషానికోసారి నడిచే ప్రోగ్రామ్ ఎన్ని రకాలుగా అడ్డం తిరుగుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం నీకు సిలబస్‌లో దొరకదు.

ప్రశ్న: నమస్కారం. టి.నగర్‌లో ఉంటున్నాను, తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి వాడి పాత ల్యాప్‌టాప్ ఇచ్చి వెళ్ళాడు, దాంట్లో వ్యాసాలు టైప్ చేసుకుంటూ ఉంటాను. 10 శాతం రాగానే దానంతట అది ఆగేలా కూడా పెట్టి ఇచ్చాడు. కానీ 30 శాతం ఉందని చూపిస్తూ ఉండగానే ఒక్కసారిగా తెర నల్లబడి పోతోంది. రాసింది పోతోంది. వాడికి ఫోన్ చేస్తే సెట్టింగ్ కరెక్టుగానే ఉంది నాన్నా అంటున్నాడు.

జవాబు: మీ అబ్బాయి పెట్టిన సెట్టింగ్ కరెక్టే మేష్టారూ, బ్యాటరీ చెప్పే అంకె కరెక్టు కాదు. సిలిండర్‌లో గ్యాస్ ఎంత మిగిలిందో పైనుంచి చూసి చెప్పలేం కదా, బ్యాటరీ కూడా అంతే, లోపల ఉన్న చిన్న చిప్ ఎంత కరెంట్ లోపలికి వెళ్ళింది, ఎంత బయటికి వచ్చింది అని లెక్కవేసుకుంటూ ఒక అంచనా చెప్తుంది. బ్యాటరీ పాతబడ్డాక ఆ అంచనా తప్పుతుంది, పైగా లోపలి సెల్స్‌లో నిరోధం పెరిగి, కొంచెం ఎక్కువ కరెంట్ లాగగానే వోల్టేజ్ కిందకి జారిపోతుంది, అది ప్రమాదకరమైన స్థాయికి రాకముందే రక్షణ సర్క్యూట్ టక్కున కట్ చేస్తుంది. అప్పటికి తెరమీద 30 అనే ఉంటుంది. 10 వస్తేనే కదా సెట్టింగ్ పనిచేసేది, 10 ఎప్పుడూ రాలేదు, 30 నుంచి నేరుగా సున్నాకి వెళ్ళింది.

చూసుకోవడానికి ఒక దారి ఉంది. మీది విండోస్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక రిపోర్టు ఫైల్ తయారవుతుంది, అది ఏ ఫోల్డర్‌లో ఉందో కూడా అక్కడే చెప్తుంది, బ్రౌజర్‌లో తెరవండి. డిజైన్ కెపాసిటీ అని ఒకటి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని ఒకటి కనిపిస్తాయి. మొదటిది కొన్నప్పటి శక్తి, రెండోది ఇప్పటిది. మొదటిది 48,000 ఉండి రెండోది 20,000 ఉందనుకోండి, సగం కూడా మిగల్లేదని అర్థం, ఆ బ్యాటరీ మార్చాల్సిందే. చెన్నై ఎండలకి లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది, నూరు శాతం ఛార్జ్‌లో, వేడిలో ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచితే మరీను.

మార్చేలోపు ఆ 10ని 40 చెయ్యమనండి మీ అబ్బాయిని, మీరు వాడే సమయం తగ్గుతుంది గానీ రాసింది దక్కుతుంది. వర్డ్‌లో రాస్తుంటే ఆటోరికవర్ మామూలుగా 10 నిమిషాలకి ఉంటుంది, దాన్ని 1 నిమిషం చేసుకోండి. రిచీ స్ట్రీట్‌కి వెళ్తే మోడల్ నంబర్ కాకుండా బ్యాటరీ మీద ఉన్న పార్ట్ నంబర్ చూపించి అడగండి, బిల్లు, వారంటీ రాయించుకోండి, చవగ్గా వస్తోందని పేరూ ఊరూ లేనిది తీసుకోకండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టున్నా, అడుగుభాగం టేబుల్ మీద సమంగా కూర్చోకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం, అప్పుడు మాత్రం ఛార్జర్ పెట్టకండి, మీ చేత్తో విప్పకండి, నొక్కి చూడకండి, ఆఫ్ చేసి షాపుకి పంపెయ్యండి. ఇది వాయిదా వేసే విషయం కాదు.

ప్రశ్న: షావుకారుపేటలో మాకు హోల్‌సేల్ కొట్టు ఉంది సార్. డెస్క్‌టాప్ మీద అకౌంట్స్ నడుస్తాయి, యూపీఎస్ ఉంది. ల్యాప్‌టాప్‌లకి చేసినట్టు దీనికి కూడా బ్యాటరీ చూసి ఆఫ్ అయ్యే స్క్రిప్ట్ పెట్టొచ్చా? మధ్యాహ్నం భోజనానికి షట్టర్ వేసి వెళ్తాం, అప్పుడు కరెంట్ పోతే యూపీఎస్ అరిచి అరిచి ఆగిపోతుంది, దాంతోపాటు సిస్టమ్ కూడా.

జవాబు: ముందు మీ యూపీఎస్ వెనకాల యూఎస్‌బీ పోర్ట్ ఉందేమో చూడండి. ఉంటే, దానితో ఇచ్చిన కేబుల్ సిస్టమ్‌కి పెడితే చాలా మోడల్స్‌ని విండోస్ బ్యాటరీలాగే గుర్తుపడుతుంది, డెస్క్‌టాప్‌లో కూడా కింద మూల బ్యాటరీ బొమ్మ వస్తుంది, అప్పుడు మొదటి జవాబులో చెప్పిన సెట్టింగే ఇక్కడా పనిచేస్తుంది, స్క్రిప్ట్ అక్కర్లేదు. కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటే అదీ వాడొచ్చు, లినక్స్ అయితే నట్ అని ఉచితంగా దొరికేది ఉంది, నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ దాని పూర్తి పేరు.

తక్కువ రేటు యూపీఎస్‌లకి చాలావాటికి ఆ పోర్టే ఉండదు, అప్పుడు కరెంట్ పోయిన సంగతి సిస్టమ్‌కి తెలిసే దారి లేదు, ఎంత మంచి స్క్రిప్ట్ రాసినా అడిగితే చెప్పేవాడు లేడు. దానికి ఒక ఉపాయం ఉంది. నెట్ రౌటర్‌ని యూపీఎస్‌కి కాకుండా మామూలు ప్లగ్‌కి పెట్టండి. సిస్టమ్‌లో పెట్టిన స్క్రిప్ట్ ప్రతి నిమిషం రౌటర్‌ని పింగ్ చేస్తుంది, అంటే ఉన్నావా అని అడిగి చూస్తుంది, వరసగా 3 సార్లు జవాబు రాకపోతే కరెంట్ పోయినట్టే అనుకుని అకౌంట్స్ మూసి షట్‌డౌన్ చేస్తుంది. వరసగా 3 సార్లు అన్నది ముఖ్యం, ఒక్కసారి పింగ్ తప్పితే ఆపేస్తే రౌటర్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ మీ బిల్లింగ్ ఆగుతుంది. సిస్టమ్, రౌటర్ మధ్య వైఫై కాకుండా కేబుల్ ఉంటే ఇంకా మంచిది. మీ యూపీఎస్ నిజంగా ఎన్ని నిమిషాలు నిలబడుతుందో ఒక ఆదివారం బిల్లింగ్ లేనప్పుడు ప్లగ్ తీసి చూసుకోండి, అది 5 నిమిషాలే అయితే 3 నిమిషాలు ఎదురుచూడటం కూడా ఎక్కువే, ముందు యూపీఎస్ బ్యాటరీ మార్పించండి.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళవాళ్ళకి కూడా ఇదే చెప్పాలి. ఇన్వర్టర్ మీద ల్యాప్‌టాప్ ఛార్జర్ ఉంటే కరెంట్ పోయిన సంగతి ల్యాప్‌టాప్‌కి తెలియదు, అది ఛార్జింగ్‌లోనే ఉన్నాననుకుంటుంది, ఇన్వర్టర్ కూడా ఖాళీ అయ్యాకే దాని సొంత బ్యాటరీ మొదలవుతుంది. అప్పుడైనా స్క్రిప్ట్ మామూలుగా పనిచేస్తుంది కాబట్టి దానికోసం వేరేగా ఏం చెయ్యక్కర్లేదు.

ప్రశ్న: వేళచ్చేరిలో ఉంటాను, శుక్రవారం సాయంత్రం నెల్లూరు ట్రైన్ ఎక్కుతాను. మూత వేసి బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ ఇంటికెళ్ళి తీస్తే వేడిగా ఉంటుంది, బ్యాటరీ సున్నా. నా షట్‌డౌన్ స్క్రిప్ట్ ఎందుకు పట్టుకోవట్లేదు?

జవాబు: మూత వేస్తే మెషీన్ స్లీప్‌లోకి వెళ్తుంది, స్లీప్‌లో మీ స్క్రిప్ట్ కూడా నిద్రపోతుంది, ఎవరూ చూడటం లేదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో మోడ్రన్ స్టాండ్‌బై అని ఒకటి ఉంది, మూత వేసినా నెట్, అప్‌డేట్లు కొంచెం కొంచెం నడుస్తూ ఉంటాయి, బ్యాగులో గాలి ఆడదు, అందుకే ఆ వేడి. పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ కొడితే మీ మెషీన్‌లో ఏ రకం స్లీప్ ఉందో చెప్తుంది, ఎస్0 లో పవర్ ఐడిల్ (S0 Low Power Idle) అని కనిపిస్తే ఇదే. దీనికి స్క్రిప్ట్ మందు కాదు. పవర్ ఆప్షన్స్‌లో మూత వేస్తే ఏం చెయ్యాలి అన్నచోట బ్యాటరీ కాలమ్‌లో హైబర్నేట్ పెట్టండి, ఆన్ అవ్వడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, బ్యాగులో మాత్రం పూర్తిగా ఆగి ఉంటుంది. లైట్ ఆరిందని చూసుకుని బ్యాగులో పెట్టండి, హైబర్నేట్ రాయడం పూర్తి కాకముందే పెట్టేస్తే మళ్ళీ అదే వేడి.

ప్రశ్న: దీనికి రివర్స్ అడుగుతున్నా. 100 శాతం ఛార్జ్ అయిపోతే ల్యాప్‌టాప్ ఆఫ్ అయ్యేలా స్క్రిప్ట్ పెడితే బ్యాటరీకి మంచిదా? పోరూరు నుంచి.

జవాబు: లాభం లేదండీ. ఆఫ్ చేసినా ఛార్జర్ పెట్టే ఉంటుంది కదా, నిండిన బ్యాటరీ నిండినట్టే ఉంటుంది. నిండాక ఛార్జింగ్ ఆపే పని లోపలి సర్క్యూట్ ఎలాగూ చేస్తుంది. బ్యాటరీని అరగదీసేది నిండుగా, వేడిగా గంటల తరబడి ఉండటం, దానికి మందు 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే లిమిట్. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో, ఆసుస్‌లో మైఆసుస్ యాప్‌లో ఈ లిమిట్ ఉంటుంది, కొన్ని కంపెనీలకి బయోస్‌లో (మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే సెట్టింగ్స్‌లో) ఉంటుంది. లినక్స్‌లో అయితే బ్యాటరీ ఫోల్డర్‌లోనే ఛార్జ్ కంట్రోల్ ఎండ్ థ్రెషోల్డ్ అనే ఫైల్ ఉందేమో చూసి, ఉంటే రూట్‌గా అందులో 80 అని రాస్తే చాలు, కొన్ని మెషీన్లలో రీబూట్ అయితే మళ్ళీ రాయాల్సి వస్తుంది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు మాత్రం ఆ లిమిట్ తీసేసి నూటికి నూరు నింపుకోండి.